తారు రోడ్డు కన్న టైరు

అమెరికాలో పికప్ ట్రక్కు తోలేవాడికి, కంపెనీ ఇచ్చిన టైర్లు అరిగిపోయిన రోజున ఒక చిక్కు వచ్చిపడుతుంది. మళ్ళీ మామూలు హైవే టైర్లే వేయించాలా, పెద్ద పెద్ద గట్లున్న బురద టైర్లు ఎక్కించాలా, లేక రెంటికీ నడుమ ‘ఆల్ టెరెయిన్’ పేరుతో అమ్మేవి తీసుకోవాలా? అన్ని నేలలకూ పనికొస్తుందనే ఆ పేరు వింటే ఇది కొండలూ ఎడారులూ తొక్కినవాళ్ళ కోసం పుట్టిన సరుకే అనిపిస్తుంది. ప్రకటనల్లో బొమ్మలూ అదే చెబుతాయి: ఎర్రమట్టి ఎగజిమ్ముతూ మలుపు తిరిగే బండి, వెనక రాతికొండలు, కనుచూపు మేరలో ఇల్లన్నది లేదు. టైరు చరిత్ర మాత్రం ఈ బొమ్మకు సాక్ష్యం పలకదు. దేశమంతా గతుకులుగా ఉన్న కాలంలో ఇలాంటి టైరు కావాలని ఎవరికీ తోచలేదు. రోడ్లు నున్నబడి, ఆ నున్నటి రోడ్డు మీదే రోజూ పనికి వెళ్ళివచ్చే మనిషి చేతికి ట్రక్కు వచ్చాకే దీని అవసరం కనిపించింది. దీన్ని కన్నది తారు రోడ్డే. ఆ వరస తెలిస్తే, ఇవాళ కొనేవాడు తనను తాను ముందు ఏమడగాలన్నది కూడా మారిపోతుంది.

1904లో అమెరికా ప్రభుత్వం దేశంలోని రోడ్లను లెక్కబెట్టించింది. దాదాపు 21.5 లక్షల మైళ్ళ దారుల్లో కంకరో గులకరాయో పడి కాస్త బాగుపడినవి 7 శాతం. మిగిలినదంతా వానకు బురద, ఎండకు దుమ్ము. ఆ లెక్కన అప్పటి ప్రతి టైరూ అన్ని నేలల టైరై ఉండాలి. కానీ నాటి టైర్లు సన్నగా, నున్నగా, గాలి బిగించి కొట్టినవి. బురద తగిలితే ఆ సన్నటి చక్రం దాన్ని కోసుకుంటూ అడుగున గట్టినేల దాకా దిగేది. అదీ కుదరకపోతే టైరుకు గొలుసులు చుట్టేవారు. హ్యారీ వీడ్ ఆ గొలుసులకు పేటెంటు తీసుకున్నదీ 1904లోనే. టైరు ముఖం మీద అచ్చులు పేరు తెచ్చుకున్నది 1908 నుంచి. ఫైర్‌స్టోన్ తన పేరునూ ‘నాన్ స్కిడ్’ అనే మాటనూ అక్షరాలుగా రబ్బరులో పోతపోసింది. గుడ్‌ఇయర్ వజ్రాల ఆకారంలో బిళ్ళలు పేర్చి ‘ఆల్ వెదర్’ అంది. ఒకటి జారనంటోంది, ఇంకొకటి వానొచ్చినా ఎండొచ్చినా సరేనంటోంది. బురదలోంచి బండిని లాగుతానని రెండూ అనలేదు. తడిసిన పట్నపు వీధిలో బండి జారిపోవడమే అప్పటి భయం. టైరుకు పళ్ళు మొలిచింది బాగుచేసిన వీధి కోసం. బురద సంగతి గొలుసులే చూసుకున్నాయి. 1925లో ఫోర్డు మోడల్ టీకి ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మిన పికప్‌ను కొన్న రైతూ వానాకాలంలో ఆ గొలుసులనే నమ్ముకున్నాడు.

మెత్తటి నేలకని ప్రత్యేకంగా గాలి టైరు తయారుచేయించింది ట్రాక్టరు. 1932లో అలిస్ చామర్స్ మోడల్ యూ ట్రాక్టరు రబ్బరు టైర్లతో బజారుకొచ్చింది. అంతకుముందు ట్రాక్టరు చక్రాలకు ఇనుప పళ్ళుండేవి. పొలంలో అవి బాగానే పట్టేవి గాని కొత్తగా వేసిన రోడ్లను పెళ్ళగించేవి, అందుకని చాలాచోట్ల వాటిని రోడ్డెక్కనిచ్చేవారు కాదు. పొలం టైరు పుట్టుకలోనూ రోడ్డు చేయి ఉందన్నమాట. మన పల్లెల్లో ట్రాక్టరును చూసినవారికి ఇందులోని కిటుకు వేరే చెప్పక్కర్లేదు. ముందు టైరుకు చుట్టూ తిరిగే గీతలు, వెనక టైరుకు ఏటవాలు గట్లు. ముందుది దారి తిప్పడానికి, వెనకది లాగడానికి. పని పంచుకున్నాయి. అదే వెనక టైరును ట్రాలీ కట్టి తారు రోడ్డు మీద ఇసుకకో ధాన్యానికో తిప్పితే, పొలంలో ఏళ్ళ తరబడి నిలవాల్సిన గట్లు ఇట్టే అరిగిపోతాయి. దిగబడి పట్టవలసిన గట్టు గట్టినేల మీద నిలబడి వంగుతుంది, రాసుకుంటుంది, వేడెక్కుతుంది. పికప్ యజమాని ఈ రెండు పనులనూ ఒకే టైరు నుంచి అడుగుతాడు. రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపు టైరు ఆ అడిగినదాన్ని సగమే తీర్చింది. ముందుకు నడిపినా వెనక్కి నడిపినా ఒకేలా పట్టేలా దానికి మొరటు అడ్డగట్లు పెట్టారు. రోడ్డెక్కితే ఒకటే హోరు. సైన్యంలో హోరు గురించి ఫిర్యాదు చేసేదెవరు?

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో 41,000 మైళ్ళ అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. మరుసటేడు షెవ్రోలె, 1959లో ఫోర్డు, నాలుగు చక్రాలకూ బలం అందే పికప్‌లను ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టాయి. అడవిలోకి వెళ్ళగల బండీ, గంటకు 70 మైళ్ళ వేగంతో పోగల రోడ్డూ ఒకే దశకంలో ఒకే మనిషికి దక్కాయి. వారమంతా రోడ్డు మీద, ఆదివారం ఇసుకలో. దక్షిణ కాలిఫోర్నియాలో డిక్ సెపెక్ అనే వ్యాపారి 1960లలో ఇసుకలో కూరుకుపోకుండా తేలే వెడల్పాటి టైర్లను జీపులకూ ట్రక్కులకూ అమ్మి పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో సుదూర ఎడారి పందెం మొదలైంది కదా, టైరు కంపెనీలు తమ సరుకును నలగ్గొట్టి చూసుకున్నది అక్కడే కదా, మరి ఈ టైరు ఎడారి బిడ్డ కాకుండా ఎలా పోతుందని. పందెం నేర్పిన పాఠాలను కాదనలేం. రాళ్ళకు చీలని సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) విలువ అక్కడే తెలిసింది. అయితే ఆ మొదటి పందెం గెలిచింది ట్రక్కు కాదు, వోక్స్‌వ్యాగన్ భాగాలతో కట్టిన తేలికపాటి బగ్గీ. 27 గంటల 38 నిమిషాల్లో దక్షిణాన ఉన్న లాపాజ్ చేరింది. పందెగాడి టైరు ఆ పందెం వరకు బతికితే చాలు. అది తారు మీద 40,000 మైళ్ళు తిరగాలనీ, వానలో బ్రేకు వేస్తే ఆగాలనీ, పిల్లలు వెనక సీట్లో నిద్రపోయేంత నిశ్శబ్దంగా ఉండాలనీ ఎవరూ అడగరు. ఆ మూడూ అడిగేది ఆదివారం సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్ళవలసినవాడు. కొత్త టైరు కట్టింది వాడి కోసం.

దాన్ని సాధ్యం చేసిన విద్య రేడియల్. పాత టైరులో దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోస్తూ, అంచు నుంచి అంచుకు పోయేవి. నేలను తాకే ముఖమూ పక్కనుండే సైడ్‌వాలూ ఒకే గుడ్డలో కుట్టినట్టుండేవి. పక్క వంగితే ముఖమూ ముడుచుకునేది. పెద్ద గట్లున్న టైరులో ఆ ముడత ఇంకా ఎక్కువ: అరుగుదల, వేడి, స్టీరింగు అటూ ఇటూ లాగడం. ఫ్రాన్సులో మిషలిన్ 1946లో పేటెంటుకు పెట్టిన రేడియల్‌లో దారాలు అడ్డంగా, తిన్నగా పోతాయి. ముఖం కింద ఉక్కుతీగల పట్టీ వేరుగా ఉంటుంది. దాంతో సైడ్‌వాల్ తనపాటికి తాను వంగుతుంది, ముఖం నేల మీద చదునుగా పరుచుకుంటుంది. అమెరికాలో రేడియల్‌ను ముందుగా చేపట్టిన కంపెనీ బీఎఫ్ గుడ్‌రిచ్, 1965లో. ప్రజలు దాన్ని నిజంగా పట్టించుకున్నది 1973 చమురు కరువు తర్వాత, తక్కువ పెట్రోలు తాగుతుందని తెలిశాక. అదే కంపెనీ 1976లో ‘రేడియల్ ఆల్ టెరెయిన్’ టైరును తెచ్చింది. రేడియల్ తీర్చిన కష్టాలన్నీ రోడ్డు మీదివే: పెట్రోలు, వేడి, మైలేజీ. మెత్తని నేల మీద గాలి కాస్త తీసేస్తే సైడ్‌వాల్ సాగి, టైరు రాయిని కరుచుకుని పోవడం వెంట వచ్చిన వరం. సరిగ్గా అంతకుముందు ఏడే, 1975లో, ఫోర్డు ఎఫ్-150 వచ్చింది. బండి బరువు పరిమితిని 6,000 పౌండ్లకు కాస్త పైకి జరిపి, పొగగొట్టం మీద అప్పుడే వచ్చిన ఉద్గార నియమాన్ని తప్పించుకోవడం దాని పుట్టుకలోని తెలివి. పొలం కోసం కాదు, పన్నాగం కోసం బరువెక్కిన బండి. ఊరి నడుమ కాపురం పెట్టడానికి అంతకన్నా యోగ్యత ఏముంటుంది?

రోడ్డే ఈ టైరుకు అసలు పరీక్ష అనడానికి చేదు సాక్ష్యం 2000 సంవత్సరంలో దొరికింది. ఆ ఆగస్టులో ఫైర్‌స్టోన్ తన ఏటీఎక్స్, వైల్డర్‌నెస్ ఏటీ రకాల టైర్లు 65 లక్షలను వెనక్కి పిలిచింది. ఏటీ అంటే ఆల్ టెరెయిన్. వైల్డర్‌నెస్ అంటే అడవి. వాటిలో ఎక్కువ భాగం రేంజర్ పికప్ నుంచి రూపుదిద్దుకున్న ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ల కింద తిరిగాయి. ముఖం ఊడి, బండ్లు పల్టీలు కొట్టి 271 మంది పోయారని రోడ్డు భద్రతా సంస్థ లెక్క తేల్చింది. ఆ ఊడిపోవడాలు బురదలోనో బండల మీదో జరగలేదు. టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లో, హైవే వేగంలో, బరువు మీద జరిగాయి. తప్పు టైరుదని ఫోర్డు, బండిదని టైరు కంపెనీ కొట్లాడుకున్నాయి. ఆ తగవులో ఒక అంకె బయటపడింది: ఫోర్డు సూచించిన గాలి 26 పీఎస్ఐ, ఫైర్‌స్టోన్ కోరింది 30. గాలి తగ్గితే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. ఇసుకలో మేలు చేసే గుణమే ఎండలో కాగిన తారు మీద ప్రాణం మీదికి తెస్తుంది. ఆ నవంబరులోనే అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ఫలితంగా, 2007 చివరికల్లా కొత్త కార్లూ తేలికపాటి పికప్‌లన్నిటికీ గాలి తగ్గితే వెలిగే దీపం తప్పనిసరి అయింది.

అయితే ఇదంతా సోకు, హైవే టైరే చాలు అనేవారూ ఉన్నారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే, మొరటు టైరు వేస్తే బండికి వచ్చే ఠీవి కోసమే డబ్బు పోసేవాళ్ళు తక్కువేం కాదు. కానీ అమెరికా రోడ్లలో మూడో వంతు దాకా ఇవాళ్టికీ తారు పడనివి. పశువుల రాంచికో గనికో రోజూ పది మైళ్ళు కంకర మీద పోయేవాడికి పదునురాళ్ళు సన్నటి సైడ్‌వాల్‌ను కోసేస్తాయి. పడవ ఎక్కించిన ట్రైలరును తడిగడ్డి మీంచి లాగేవాడికి గీతల హైవే టైరు జారుతుంది. వాళ్ళకు ఈ టైరు సోకు కాదు. అందుకే అడగవలసింది ‘ఎంత దూరం అడవిలోకి వెళ్ళగలను’ అని కాదు, ‘వారంలో ఎన్ని మైళ్ళు దేని మీద, ఎంత బరువుతో’ అని. కార్లకు ఉద్దేశించిన ‘పీ’ గుర్తు టైరును ట్రక్కుకు వేస్తే దాని మీద రాసిన భారశక్తిని 1.10తో భాగించి చూసుకోవాలన్నది అక్కడి నియమం. తేలికపాటి ట్రక్కులకు ఉద్దేశించిన ‘ఎల్‌టీ’ గుర్తుది బరువు మోస్తుంది గాని మొరటుగా నడుస్తుంది, ఎక్కువ గాలి అడుగుతుంది. ఈ లెక్క మనకూ దూరపుది కాదు. 2016 నుంచి ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ పికప్ మన శ్రీసిటీలోనే తయారవుతోంది. దాన్ని కొన్నవాడు ఘాట్ రోడ్డు ఫొటోలు చూసి కాక, తాను వారమంతా తిరిగే దారిని చూసి టైరు ఎంచుకోవచ్చు.

ఇప్పుడు చాలా ఆల్ టెరెయిన్ టైర్ల సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల ఒక మంచుపువ్వు కనిపిస్తాయి. 1999లో వచ్చిన గుర్తు అది. అంతకుముందున్న ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలు బురదా మంచూ అని చెప్పినా, ముఖం మీద గాడులు ఎంత వెడల్పున్నాయో చూసి వేసుకునేవే. పరీక్ష ఏదీ లేదు. కొండ గుర్తుకు పరీక్ష ఉంది: అణగదొక్కిన మంచు మీద, ఒక ప్రమాణపు టైరుతో పోల్చి, కనీసం పది శాతం ఎక్కువ పట్టు చూపాలి. ఆ పట్టును కొలిచేది తిన్నగా పోతూ వేగం అందుకునేటప్పుడు మాత్రమే. మలుపు లేదు, బ్రేకు లేదు, కొండా లేదు.