ముందు పాదం పట్టి చూడండి



పోయిన నెల మన హోసూరులో సభ్యుల పిల్లవాడొకడు సైకిల్ మీద నుంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. నాటు కట్టు కట్టిద్దామని మాలో కొందరం అన్నాం. వాళ్ల అవ్వ మాత్రం పాదం పట్టుకుని, "ఏమిరా, కాలు ఇంత సల్లగా ఉంది?" అంది. ఆ మాటతోనే పెద్దాసుపత్రికి పరుగెత్తాం. ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్న చరిత్ర ఇది.

మోకాలి వెనక గుంటలో ఉండే పెద్ద ధమని పాదానికి రక్తం తీసుకెళుతుంది. పైనా కిందా బిగించినట్టు ఉంటుంది కాబట్టి, విరిగిన ఎముక వెనక్కి జరిగితే తప్పుకోలేదు. తెగుతుంది, లేదా లోపలి పొర చిట్లి గడ్డకట్టి మూసుకుపోతుంది.

ఒకప్పుడు తెగిన ధమనిని దారంతో కట్టేసేవారు. ప్రాణం దక్కేది, కాలు పోయేది. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా సైనికుల గాయాల మీద డిబేకీ, సిమియోన్ అనే వైద్యులు 1946లో లెక్కలు ప్రకటించారు. ఈ ధమని దెబ్బతిన్నవారిలో నూటికి సుమారు 73 మందికి కాలు తీసేయాల్సి వచ్చింది.

నిజానికి నాళాలు కుట్టే విద్య అప్పటికే ఉంది. ఫ్రాన్సులోని లియోన్‌లో అలెక్సిస్ కారెల్ ఆ పద్ధతిని 1902లోనే ప్రకటించాడు, 1912లో నోబెల్ అందుకున్నాడు. కానీ గాయపడ్డవాడు డాక్టరును చేరేసరికి వేళ మించిపోయేది. కొరియా యుద్ధంలో హెలికాప్టర్లు వచ్చాయి, కట్టేయడం పోయి కుట్టడం వచ్చింది. 73 కాస్తా 32 దాకా దిగింది.

పిల్లల నాళం సన్నం, ఇంకా పెరగాల్సింది. అందుకే విడివిడి కుట్లు వేస్తారు. చెడిన ముక్క తీసేసి, రెండో కాలి సిరను తలకిందులు చేసి అతుకుతారు, లేకుంటే అందులోని కవాటాలు రక్తాన్ని అడ్డుకుంటాయి. పిక్క ఉబ్బితే కండరాల మీది పొర కోసి వదులు చేస్తారు.

ఇదంతా సాధారణంగా ఆరు గంటల లోపల జరగాలి. కట్టు కట్టేవారి మీద మాకు కోపం లేదు, అది తాతలనాటి నమ్మకం. కానీ రక్తం అందని కాలికి బిగుతు కట్టు వేస్తే ఆ గంటలు చేజారతాయి. పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదలకపోయినా నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లండి. మొదట బాగున్నా మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి.

మన పిల్లవాడు ఇప్పుడు చంకకర్రలతో నడుస్తున్నాడు. అవ్వ ఇంకా రోజూ పాదం పట్టి చూస్తూనే ఉంది.