బడే మియాఁ నౌకరీ చేయలేదు



2023 ఆగస్టు 15. మా విలేకరులకు అది జెండాల రోజు. హిందూపురంలో ఎవరు ఎగరేశారు, పెనుకొండలో ఎవరు ప్రసంగించారు, ధర్మవరంలో ఏ బడి పిల్లలు ఊరేగింపు తీశారు, ఆ ఫొటోలన్నీ సర్దుకుంటూ కూర్చున్నాను. అప్పుడే మా ఉర్దూ బడి దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఖబర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఫుట్‌బాలర్ మొహమ్మద్ హబీబ్ సాబ్ ఇంతెఖాల్. వయసు 74. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

వెంటనే డెస్క్‌కు ఫోన్ చేశాను. ఐటమ్ రాసిస్తాను, కాస్త జాగా ఇవ్వండి అన్నాను. "ఏ హబీబ్?" అన్నారు. చెప్పాను. "మీ ఏరియాతో లింకేముంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు లోపలి పేజీలో సింగిల్ కాలమ్, నాలుగు లైన్లు వచ్చాయి. అది ఏ పత్రికో చెప్పను, నేనూ అక్కడ జీతం తీసుకున్నవాణ్నే.

నిజానికి లింకుంది. కాకపోతే అది డెస్క్‌కు చెప్పుకునే లింకు కాదు, మా ఇంటి సంగతి.

మా పెద్ద మామూది పెనుకొండ. బాబయ్య దర్గా ఉరుసుకు వెళ్లినప్పుడల్లా మేం దిగేది ఆయన ఇంట్లోనే. బెంగళూరు నుంచి వచ్చే ఉర్దూ పేపర్ 'సాలార్' ఒక రోజు ఆలస్యంగానైనా తెప్పించుకుని, ఆటల పేజీ ముందు చదివే మనిషి. ఆయన నోట వినే మాకు హబీబ్ తెలిశాడు. హిందూపురంలో ఉర్దూ మీడియం చదివే పిల్లలకు సర్ సయ్యద్, అల్లామా ఇక్బాల్ పాఠాల్లో ఉంటారు. హబీబ్ ఏ పాఠంలోనూ లేడు. మామూ దగ్గర మాత్రం ఉన్నాడు.

హబీబ్ 1949లో హైదరాబాద్‌లో పుట్టాడు. అన్నదమ్ముల్లో పలువురు ఫుట్‌బాల్ ఆడినవాళ్లే. అది హైదరాబాద్ ఫుట్‌బాల్ సునెహరీ జమానా. 2024లో రంజాన్ ఈద్‌కు వచ్చిన 'మైదాన్' సినిమా మన పిల్లలు చూసే ఉంటారు. అందులోని రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, బడిలో ఉస్తాద్‌గా పని చేసినవాడు. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం వచ్చింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 1963లో కేన్సర్‌తో పోయారు.

ఆ జట్టు పేరులోనే ఒక సంగతి ఉంది, గమనించండి. పోలీస్. ఆటగాడికి బతుకుతెరువు ఆట కాదు, నౌకరీ. పోలీసో, రైల్వేనో, బ్యాంకో ఉద్యోగం ఇస్తుంది, వాడు దాని చొక్కా వేసుకుని ఆడతాడు, మోకాలు పోయాక కుర్చీలో కూర్చుంటాడు. గరీబు ఇళ్ల కుర్రాళ్లకు అది పెద్ద నేమత్. కాదనడానికి గుండె కావాలి.

హబీబ్ కాదన్నాడు. 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. నౌకరీలు దొరికేవే, కానీ ఆఫీసు, ఆట రెండూ ఒకేసారి కుదరవని వదిలేశాడు. దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఆయనే అని కలకత్తాలో అంటారు. ఆ రోజుల్లో ప్రొఫెషనల్ అంటే ఏజెంట్లు, అడ్వర్టయిజ్‌మెంట్లు అనుకోకండి. ఏటా క్లబ్బుతో ఒక ఒప్పందం, కాలికి దెబ్బ తగలకుండా దువా, అంతే.

18 ఏళ్లు అలా ఆడాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. ఆ క్లబ్బుల మధ్య ఉండే పగ తెలిసినవాళ్లకు ఇది ఎంత కష్టమో అర్థమవుతుంది. ఒక క్లబ్బు వదిలి ఇంకో క్లబ్బుకు వెళ్తే గద్దార్ అనే ఊరు అది. హబీబ్‌ను మాత్రం అందరూ 'బడే మియాఁ' అన్నారు. తమ్ముడు అక్బర్ 'ఛోటే మియాఁ'. ఈ తమ్ముడు 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. ఇద్దరు హైదరాబాదీ అన్నదమ్ములు దఖ్నీలో కేకలేసుకుంటుంటే బెంగాలీ డిఫెండర్లకు ఏమీ తెలిసేది కాదని మామూ నవ్వేవాడు. ఇది మామూ కల్పన కూడా అయ్యుండొచ్చు!

1970 నుంచి 1975 దాకా ఈస్ట్ బెంగాల్ వరుసగా 6 సార్లు కలకత్తా లీగ్ గెలిస్తే, మొదటి ఐదింట్లో హబీబ్ ఉన్నాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియాకు కాంస్యం వచ్చింది. కెప్టెన్ హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్, ముందు వరసలో హబీబ్. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం రాలేదు.

మామూ ఎన్నిసార్లు చెప్పినా మాకు విసుగు రాని కథ 1977 సెప్టెంబరు 24ది. పేలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చాడు. వాన పడి ఈడెన్ గార్డెన్స్ అంతా బురద. ఎదురుగా మోహన్ బగాన్. కాస్మోస్‌లో పేలే ఒక్కడే కాదు, 1970లో బ్రెజిల్‌కు ప్రపంచకప్ అందించిన కెప్టెన్ కార్లోస్ ఆల్బర్టో ఉన్నాడు, ఇటలీ వాడు కినాల్యా ఉన్నాడు. వాళ్ల ఫొటో దొరికితే చాలనుకునే రోజులు. హబీబ్‌కు ఆ మోజు లేదు. ముందు కాస్మోస్ గోల్ కొట్టింది. శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ గోల్, మోహన్ బగాన్ ముందుకెళ్లింది! చివర్లో కినాల్యా పెనాల్టీతో 2-2 అయ్యింది. హబీబ్ ఆటను పేలే మెచ్చుకున్నాడు. వారం తర్వాత, అక్టోబరు 1న, పేలే అమెరికాలో ఆఖరి మ్యాచ్ ఆడి సెలవు తీసుకున్నాడు.

ఆ ఆఖరి మ్యాచ్ జరిగిన జెయింట్స్ స్టేడియం అసలు ఇంకో 'ఫుట్‌బాల్' కోసం కట్టింది. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది బంతిని చంకలో పెట్టుకుని మనుషుల గోడలోకి దూసుకుపోయే ఆట. అలా పరిగెత్తేవాణ్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. వాళ్లలో మేటి జిమ్ బ్రౌన్, 9 సీజన్లలో 12,312 గజాలు పరిగెత్తి, ఫామ్‌లో ఉండగానే ఆట వదిలి సినిమాల్లోకి వెళ్లాడు. ఆయన కూడా 2023లోనే, మే నెలలో పోయాడు. ప్రపంచమంతా రాసుకుంది. హబీబ్‌కు వెళ్లడానికి సినిమాలు లేవు. 1980లో అర్జున అవార్డు ఇచ్చారు. ఆట ఆపాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లకు నేర్పాడు. ఆఖరి ఏళ్లలో పార్కిన్సన్స్ వచ్చింది, యాద్‌దాష్త్ కూడా పోయింది. కలకత్తాలో ముసలివాళ్లు ఒక్కో గోల్ గుర్తుచేసుకుంటుంటే, కొట్టినవాడికే గుర్తులేని రోజులు.

మా ఇంట్లో హబీబ్ పేరు మీద ఒకసారి పెద్ద గొడవైంది. నాకు పదహారేళ్లు. ఆటలో కాస్త హునర్ ఉందని జిల్లా జట్టుకు పిలిచారు. అబ్బా అప్పుడు ధర్మవరంలో పట్టు దుకాణంలో లెక్కలు రాసేవారు. పెన్షన్ లేని పని. హిందూపురం నుంచి రైల్లో పోయి రావడం. "నౌకరీ వదిలి ఆడిన హబీబ్‌కేం మిగిలింది?" అన్నారు. మామూ పెనుకొండ నుంచి దిగి వచ్చి మరీ పోట్లాడారు. "ఇజ్జత్ మిగల్లేదా బావా?" అన్నారు. "ఇజ్జత్‌తో బియ్యం వస్తాయా?" అన్నారు అబ్బా. నేను వెళ్లలేదు. తెలుగులో డిగ్రీ చేసి పేపర్లో పడ్డాను. అబ్బాది తప్పని ఇవాళ్టికీ అనలేను. నా కొడుకు బూట్లు అడిగినప్పుడు నా నోటికి ముందొచ్చిన మాట కూడా అదే.

ఆ ఆగస్టు 16 పొద్దున పెనుకొండకు ఫోన్ చేశాను. మామూకు చూపు మందగించింది. పేపర్లోని నాలుగు లైన్లూ చదివి వినిపించాను.

"పేలే సంగతి రాశారా?"

"లేదు మామూ."

"మన నయీం, బ్యాంకాక్?"

"అదీ లేదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు: "ఫిర్ తూ కైకూ హై రే పేపర్ మే?"