పరిణామవాదము – విద్వాంసుల విశ్వాసములు

విద్య గలవారు పరిణామవాదమును అంగీకరింతురనియు, విద్య లేనివారు సృష్టివాదమును విడువజాలరనియు పలువురు తలచుచుందురు. బుద్ధిమంతు లొక పక్షమునను, మందబుద్ధులు మరియొక పక్షమునను నిలుతురని దీని తాత్పర్యము. చరిత్రను పరిశీలించినచో విషయ మంత సులభముగా తేలదు.

1859 నవంబరు మాసమున చార్లెస్ డార్విన్ రచించిన ‘జాతుల పుట్టుక’ ఇంగ్లండులో వెలువడెను. నేటి జీవజాతులు వేర్వేరుగా సృష్టింపబడినవి కావనియు, పూర్వజాతుల నుండి సుదీర్ఘకాలమున మార్పు చెంది యేర్పడినవనియు ఆయన ప్రతిపాదించెను. పరిస్థితులకు తగిన లక్షణములు గల ప్రాణులు ఎక్కువగా బ్రతికి, ఆ లక్షణములను సంతతికి అందించును. దీనినే ప్రకృతి వరణ మందురు.

ఈ సిద్ధాంతము నెదిరించినవారు నిరక్షరాస్యులు కారు. ‘డైనోసార్’ అను పేరును 1842లో కల్పించిన రిచర్డ్ ఓవెన్ దీనిని తీవ్రముగా విమర్శించెను. 1860లో ఆక్స్‌ఫర్డు సభయందు దీనిని ఖండించిన బిషప్ విల్బర్‌ఫోర్సు ఆ విశ్వవిద్యాలయముననే గణితశాస్త్రమున ప్రథమశ్రేణి నందినవాడు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒకే కాలమున ఆచార్యులుగా నుండిన ఇరువురి చరిత్ర మరింత బోధకము. వారిలో లూయీ అగాసీ యూరపులో గొప్ప భాగమును ఒకప్పుడు మంచు కప్పియుండెనని 1840లో గ్రంథస్థము చేసి కీర్తి గడించెను. ప్రతి జీవజాతియు దైవసంకల్పమున వేరుగా పుట్టినదని ఆయన విశ్వాసము. 1873లో మరణించువరకు దానిని విడువలేదు. అయినను ఆయన శిష్యులలో పెక్కురు పరిణామవాదమును స్వీకరించిరి.

రెండవవాడు వృక్షశాస్త్రజ్ఞుడైన ఏసా గ్రే. ఆయనయు భక్తిపరుడైన క్రైస్తవుడే. జపాను మొక్కలకును, అమెరికా తూర్పు భాగమందలి మొక్కలకును గాఢమైన సామ్యము కలదని ఆయన 1859లో ప్రకటించెను. ఒకప్పుడు ఉత్తరభూభాగమున ఏకముగా వ్యాపించిన వృక్షజాలము, మంచు క్రమ్మిన కాలమున దక్షిణమునకు త్రోయబడి విడిపోయినదని వివరించెను. అగాసీ చాటిన మంచుయుగమే అగాసీ మతమునకు ఎదురు సాక్ష్యమయ్యెను. ప్రకృతి వరణము దైవభక్తికి విరుద్ధము కాదని గ్రే వాదించి, 1860లో డార్విన్ గ్రంథమును అమెరికాలో సమర్థించెను. ఇరువురును మేధావులే, ఇరువురును ఆస్తికులే. అయినను నిర్ణయములు వేరయ్యెను.

ఇక పాఠశాల విద్య విషయము. డార్విన్‌తో సమానముగా ప్రకృతి వరణమును కనుగొన్న ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1823లో జన్మించి, సుమారు 14 ఏండ్ల ప్రాయమున బడి విడిచి, అన్నవద్ద భూమి కొలత పని నేర్చెను. 1844లో లీసెస్టరు పట్టణమున ఉపాధ్యాయుడుగా నున్నప్పుడు అక్కడి గ్రంథాలయమున మాల్థస్ రచించిన జనసంఖ్యా సిద్ధాంతమును చదివెను. 1858లో తూర్పు ద్వీపములలో జ్వరపీడితుడై యుండగా ఆ గ్రంథము జ్ఞప్తికి వచ్చి, ప్రకృతి వరణము ఆయనకు స్ఫురించెను. ఆ సంవత్సరమే జూలై 1వ తేదీన ఇరువురి రచనలును లండనులోని లిన్నేయస్ సంఘమున చదువబడెను. పట్టభద్రుడు కాని వాలెస్‌కు గ్రంథాలయమే కళాశాల యయ్యెను.

కాని ఆ వాలెస్సే 1869లో మానవుని మేధాశక్తికి ప్రకృతి వరణ మొక్కటియే చాలదనియు, ఒక ఉన్నత చైతన్యము తోడ్పడియుండుననియు ప్రకటించెను. డార్విన్ మిక్కిలి నొచ్చుకొనెను.

కావున బుద్ధిబల మొక్కటియే విశ్వాసమును నిర్ణయింపదు. బుద్ధిమంతుడు తాను ముందు నమ్మినదానిని సమర్థించుకొనుటకును బుద్ధినే వినియోగించును. సామాన్యునికంటె నేర్పుగా వినియోగించును. విద్యయు అట్టిదే. ఎన్ని యేండ్లు చదివె ననుటకంటె ఏమి చదువనిచ్చి రనునది ముఖ్యము.

1925లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రము, మానవుడు నిమ్నజంతువుల నుండి పుట్టెనని ప్రభుత్వ పాఠశాలలలో బోధింపరాదని చట్టము చేసెను. ఆ జూలైలో డేటన్ పట్టణమున జాన్ స్కోప్సు అను ఉపాధ్యాయునిపై విచారణ జరిగి, 100 డాలర్ల జుల్మానా పడెను. రెండేండ్లకు పై న్యాయస్థానము ఒక సాంకేతిక కారణమున ఆ తీర్పును కొట్టివేసినను, చట్టము 1967వరకు నిలిచెను. పాఠ్యపుస్తకముల ప్రకాశకులు పెక్కురు ఆ ప్రకరణమును కుదించిరి. అట్టి బడులలో చదివిన బాలుడు పరిణామవాదము నెరుగకున్నచో, అది వాని బుద్ధిలోపము కాదు. 1982లో గాలప్ సంస్థ జరిపిన అభిప్రాయసేకరణమున అమెరికనులలో 44 శాతము, 2024లో 37 శాతము, మానవుడు నేటి రూపముననే సృష్టింపబడెనని చెప్పిరి. కళాశాల విద్య గలవారిలో అట్లు చెప్పువారు తక్కువ, కాని లేకపోలేదు.

మన దేశమందును 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 10వ తరగతి పుస్తకము నుండి పరిణామవాద ప్రకరణమును తొలగించెను. పాఠ్యభారమును తగ్గించుటయే కారణమని మండలి తెలిపెను. శాస్త్రజ్ఞులు పలువురు ఆక్షేపించిరి. 12వ తరగతి జీవశాస్త్రమున ఆ విషయము నిలిచినను, 10వ తరగతితో ఆ శాస్త్రమును విడుచు విద్యార్థికి అది అందదు.

అట్టి విద్యార్థి నడిగి తెలిసికొనదగిన చోటు గ్రంథాలయమే. అచట డార్విన్ గ్రంథము, ధర్మగ్రంథములు ఒకే కప్పు క్రింద నుండవచ్చును. ఏది నమ్మవలెనో గ్రంథపాలకుడు చెప్పనక్కరలేదు. పాఠశాల విడిచిన బాలునకు లీసెస్టరు గ్రంథాలయము చేసిన మేలు, అడిగిన పుస్తకమును చేతికిచ్చుట మాత్రమే.