గాదె, పాతర, ఊదర: ధాన్యరక్షణ చరిత్రకు తెలుగు పదజాల సాక్ష్యం

'ఈతిబాధలు' అన్న మాట నేటి తెలుగులో సంసారపు ఇక్కట్లన్నిటికీ వర్తిస్తున్నది. సంస్కృత సంప్రదాయంలో 'ఈతి' శబ్దానికి నిర్దిష్టమైన అర్థం ఉన్నది. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగున పొంచి ఉన్న రాజులు అనే ఆరూ పంటకు వాటిల్లే ఉపద్రవాలు. వాటికే ఈతులని పేరు. దండెత్తి వచ్చే రాజును, కలుగులో దాగిన ఎలుకను ఒకే వరుసలో నిలిపిన ఈ గణన కర్షక సమాజపు అనుభవం నుండి పుట్టినదే. కాలక్రమంలో పదం అర్థవ్యాప్తి పొందింది. దానిలోని ఎలుక మాత్రం మరుగున పడింది. ధాన్యరక్షణకు సంబంధించిన మరికొన్ని తెలుగు పదాలకూ ఇదే గతి పట్టింది. ఆ పదాలను వాటి మూల వ్యవహారంలో నిలిపి పరిశీలిస్తే, తెలుగు రైతు ఎలుకల నుండి ధాన్యాన్ని, పనిముట్లను ఎట్లా కాపాడుకున్నాడో తెలియడమే కాక, ఆ రక్షణలో ఎవరి శ్రమ ఎంత ఉన్నదో కూడా తేటపడుతుంది.

ఎలుకల బెడదను రాజ్యం పట్టించుకోవలసిన విషయంగా భావించిన తొలి గ్రంథాలలో కౌటిలీయ అర్థశాస్త్రం ముఖ్యమైనది. దైవికమైన ఎనిమిది మహాభయాలలో అగ్ని, జలం, వ్యాధి, దుర్భిక్షాలతో పాటు మూషికాలను కూడా అది పేర్కొన్నది. ఎలుకల భయం కలిగినప్పుడు పిల్లులను, ముంగిసలను విడవాలని, వాటిని పట్టినా చంపినా 12 పణాల దండన విధించాలని, జెముడు పాలు పూసిన ధాన్యం చల్లాలని, అవసరమైతే ప్రజల నుండి ఎలుకలనే పన్నుగా రాబట్టాలని చెప్పింది. కోష్ఠాగార ప్రకరణంలో ధాన్యాన్ని ఎత్తైన చోట నిలువ చేయాలన్నది. శత్రుజీవిని పోషించడం, విషం పెట్టడం, మనుషుల చేత పట్టించడం, నిలువ చోటును ఎత్తుగా కట్టడం అనే నాలుగు మార్గాలూ ఇక్కడే కనిపిస్తున్నాయి. తెలుగు నేల మీద వీటిలో చివరి రెండూ పదజాలంలో బలమైన ముద్ర వేశాయి.

నిలువ చోటుకు తెలుగులో ఒకే పేరు లేదు. గాదె, గరిసె, పురి, పాతర, కొట్టు, బాన, కాగు అన్నవన్నీ ధాన్యం దాచే సాధనాలే అయినా పర్యాయపదాలు కావు. నేల, నీరు, దొరికే సామగ్రిని బట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క రక్షణ పద్ధతికి పేరైంది. డెల్టా గ్రామాలలో పురి ప్రసిద్ధం. రాళ్ల మీదనో దుంగల మీదనో అరుగు వలె పరచి, దానిపై గడ్డితో పేనిన వెంటిని చుట్టలు చుట్టలుగా పేర్చుకుంటూ, నడుమ వడ్లు పోసుకుంటూ పోతే పురి తయారవుతుంది. పైన గడ్డి కప్పుతారు. అడుగు నేలకు తగలకపోవడం వల్ల చెమ్మ ఎక్కదు. ఎలుక నేల నుండి తిన్నగా తొలుచుకొని రాలేదు. గాదె అడుగున ఖాళీ చోటు వదలడంలో ఉన్న ఆలోచన కూడా ఇదే. వెదురు తడికతో అల్లి మట్టి, పేడ కలిపి మెత్తిన గరిసెకు ఆ పూతే కవచం. ధాన్యపు కొలతగా గరిసె అన్న పదం తూర్పు తీరపు ఇంగ్లీషు వర్తకుల లెక్కలలో 'గార్స్'గా మారి చోటు చేసుకున్నది. నిలువ సాధనానికీ కొలతకూ ఒకే పదం ఉండడాన్ని బట్టి కర్షక జీవనంలో దాని స్థానం ఎంతటిదో ఊహించవచ్చు.

పాతర ఇందుకు పూర్తిగా భిన్నమైనది. భూగర్భజలం లోతుగా ఉండే మెట్ట ప్రాంతాలకే అది అనువైనది. గొయ్యి తవ్వి, అడుగున, పక్కల గడ్డి పరచి, జొన్న వంటి ధాన్యం నింపి, ఇరుకైన మూతిని బండతో కప్పి మట్టితో మెత్తేవారు. లోపలి గింజల శ్వాసక్రియ వల్ల ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగుకు గాని ఎలుకకు గాని అక్కడ బతుకు లేదు. ఆ కారణం చేతనే పాతర తెరచిన వెంటనే లోపలికి దిగడం మనిషికీ ప్రాణాంతకం. మూత తీసి గాలి మారేదాకా వేచి ఉండడం ఈ సాంకేతికతలో విడదీయరాని అంశం. నేటి భాషలో 'పాతరవేయు' అంటే కనబడకుండా పూడ్చివేయడమే. దాచినదానిని చెడకుండా తిరిగి వెలికి తీయడం అన్న మూలార్థంలోని రెండవ సగం జారిపోయింది.

ధాన్యానికే కాక పనిముట్లకూ ఈ జాగ్రత్త అవసరమైంది. మోటకు కట్టే తోలు బొక్కెన, దాని తొండం, పగ్గాలు, మోకులు, గోనెలు ఎలుకకు ఇష్టమైన వస్తువులు. దాని ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక ఆకలి లేకపోయినా కొరకక తప్పదు. అందువల్ల పని లేని రోజులలో వీటిని కొట్టంలో నేల మీద వదలక దూలాలకు వేలాడదీసేవారు. వంటింట ఉట్టి చేసే పనినే కొట్టంలో దూలం చేసింది. ఎత్తు, ఎడం, ఖాళీ నేల అనే మూడింటి మీదనే గృహరక్షణ అంతా ఆధారపడింది.

ఈ రక్షణకు పరిమితి కూడా భాషలోనే నమోదైంది. 'గాదె కింద పందికొక్కు' అన్న జాతీయం నేడు కూర్చుని తినేవాడిని నిందిస్తున్నది. అయితే గాదెను ఎత్తుగా కట్టినంత మాత్రాన శత్రువు దూరం కాలేదని, ఆ ఎత్తు కిందనే కాపురం పెట్టిందని కూడా అది చెబుతున్నది. పరిమాణాన్ని బట్టి పందితో పోల్చి తెలుగువారు పెట్టిన పేరు ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది; 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఏర్పరచిన శాస్త్రీయ ప్రజాతి నామం 'బాండికోటా'కు కూడా అదే మూలం. వరిచేలలో ప్రబలంగా ఉండే బాండికోటా బెంగాలెన్సిస్ గట్లలో బొరియలు తవ్వి, కోసిన వెన్నులను లోపలి అరలలో కూడబెడుతుంది. కోతలయ్యాక చేలో తిండి తరిగితే కుప్పలకు, కళ్లాలకు, ఇళ్ల వద్ద కొట్లకు చేరుతుంది. కనుక గాదె రక్షణ గాదె వద్ద మొదలు కాదు. చేని గట్టు వద్ద మొదలవుతుంది.

ఆ గట్టు వద్ద పని చేసినవారు ప్రధానంగా యానాదులు. నెల్లూరు మొదలుకొని కృష్ణా తీరం దాకా వరిపొలాలలో ఎలుకలు పట్టడంలో వారి నైపుణ్యం ప్రసిద్ధం. 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఏడవ సంపుటంలో వారి పద్ధతి వర్ణితమైంది. కుండలో గడ్డి కూరి, నిప్పు వేసి, కుండ మూతిని బొరియకు ఆనించి, కుండకున్న చిన్న రంధ్రం గుండా ఊదితే పొగ లోపలికి వ్యాపిస్తుంది. ఊపిరాడని జంతువు తన కోసం వదిలిన ఒకే ఒక దారి గుండా వెలుపలికి వచ్చి చిక్కుతుంది. దీనికి తెలుగు పేరు 'ఊదరపెట్టుట'. చూడడానికి సులువే అయినా, ఏ బొరియలో ప్రాణి ఉన్నదో మట్టి తీరును బట్టి గుర్తించడం, తక్కిన కన్నాలను మూయడం, పొగ పోకను అంచనా కట్టడం అనే జ్ఞానం లేనిదే ఆ పని సాగదు. బొరియ తవ్వగా దొరికిన వెన్నుల ధాన్యం, పట్టిన ఎలుక మాంసం వారికి ఆహారమయ్యాయి.

'కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు' అన్న సామెత వ్యర్థశ్రమకు ఉదాహరణగా స్థిరపడింది. యానాది దృష్టిలో ఈ సామెతకు అర్థం లేదు. గట్టును తవ్వి ఎలుకను పట్టడం అతనికి ఒక పూట భోజనం. రైతుకు ఆ ఏటి ధాన్యంలో కొంత భాగం. ఇక్కడ రెండు దృక్కోణాలున్నాయి. సామెత ఒకదానినే నిలిపింది. గాదె యజమాని లోకోక్తిలో ఎలుక పట్టడం అల్పమైన పని. ఆ అల్పత్వమే ఆ పని చేసినవారికి ఆపాదితమైంది. ధాన్యరక్షకులుగా లెక్కింపబడవలసినవారు 'ఎలుకలు తినేవారు'గా మాత్రమే గుర్తింపబడ్డారు. ఫలితాన్ని అనుభవించిన సమాజం శ్రమను వృత్తిగా కాక ఆహారపుటలవాటుగా చూసింది.

ఊదర అన్న మాట మాత్రం నిలిచింది. 'ఊదరగొట్టు' అంటే నేడు ఎడతెరిపి లేని ప్రచారంతో ఉక్కిరిబిక్కిరి చేయడం. 'పొగపెట్టు' అంటే ఉన్నచోట ఉండనీయక వెళ్లగొట్టడం. పత్రికలు నిత్యం వాడే ఈ ప్రయోగాలలో కుండ, గడ్డి, బొరియ, ఊదే మనిషి అదృశ్యమయ్యారు. బొరియలోని ప్రాణి పొందిన ఊపిరాడని స్థితి ఒక్కటే అర్థంగా మిగిలింది.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో పరిస్థితి మారింది. 1960వ దశకంలో నియమితమైన పాన్సే కమిటీ ఆహారధాన్యాలలో కోతానంతర నష్టాన్ని 9.33 శాతంగా అంచనా వేసి, అందులో 2.5 శాతం ఎలుకల వల్లనేనని తేల్చింది. ఆ దశకంలోనే లోహపు గాదెల ప్రచారం మొదలైంది. పొలాలలో జింకు ఫాస్ఫైడు, తరువాత బ్రోమాడియోలోన్ ఎరలు వచ్చాయి. మోట తోలుకు బదులు ట్రాక్టరు తీగలు, ఇంజను గొట్టాలు ఎలుక పంటి కింద పడ్డాయి. సిమెంటు కొట్టంలోనైనా తలుపు కింద సందు పూడ్చడం, రాలిన గింజలను ఊడ్చడం, యంత్రాన్ని గోడకు ఎడంగా నిలపడం అన్న సూచనలు గాదె నాటి సూత్రాలకు కొనసాగింపే. చుంచు దూరడానికి ఒక సెంటీమీటరు సందు కూడా అక్కరలేదు.

1962లో వెలువడిన 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం వ్యవసాయ పదాలను కర్షకుల నోటి నుండే సేకరించి తెలుగు నిఘంటు రచనలో కొత్త మార్గం వేసింది. ఆ మార్గాన్ని గాదె నుండి గట్టు వరకు పొడిగించవలసి ఉన్నది. బొరియల రకాలకు, మట్టి గుర్తులకు, ఊదర కుండకు, ఎలుక కదలికలకు యానాదులు వాడే పదాలను వ్యవసాయ వృత్తిపదాలుగా గుర్తించి సేకరించాలి. గాదె, పాతర ఇప్పటికే నిఘంటువులలో భద్రంగా ఉన్నాయి. వాటిని నిండుగా ఉంచిన పనికి సంబంధించిన మాటలు ఆ పని తెలిసిన వృద్ధులతోనే పోకముందే ఆ సేకరణ జరగాలి.