ఇంజనునకు పథ్యమైన తైలము



కొత్వాల్‌గూడ పొలిమేర నిలిచి చూచిన, శంషాబాదులో 2008వ సంవత్సరమున తెరచిన విమానాశ్రయమునకు వచ్చిపోవు విమానములు పైన కనబడును. క్రింద ఔటర్ రింగురోడ్డుపై లారీలు బారులుతీరి పోవుచుండును. విమానము త్రాగునది కిరసనాయిలు జాతి తైలము. లారీ త్రాగునది డీజిలు. రెండును భూగర్భ తైలమునుండి తీసినవే యైనను, ఒకదాని యాహారము మరొకదానికి పథ్యము కాదు. కార్ఖానాలయందును, రాతిమిల్లులయందును, కరెంటు లేనివేళ జనరేటర్లయందును పనిచేయు డీజిలు ఇంజనునకు ఏ తైలము తగును అను ప్రశ్న ఆ ఇంజనుతోడనే పుట్టినది. ఆ చరిత్రను నేడు మనవి చేసెదను.

డీజిలు అనునది మొదట నూనె పేరు కాదు, మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1858లో పారిసు నగరమున జన్మించెను. గాలిని మిక్కిలి గట్టిగా అదిమినచో అది కాగిన పెనమువలె వేడెక్కును. ఆ గాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో నిప్పురవ్వ లేకయే అంటుకొనును. ఇదియే ఆయన కనిపెట్టిన మర్మము. బొగ్గుపొడితో సైతము ఇంజను నడువవలెనని ఆయన తొలుత తలచెను. 1893లో ఆగ్‌స్‌బర్గు నగరమున జరిగిన ప్రయోగములో ఒక పరికరము ప్రేలిపోయెను. ఆయన విడువలేదు. 1897లో పరీక్షించిన ఇంజను, తైలమునందలి శక్తిలో నూటికి 26 పాళ్లకు మించి పనిగా మార్చెను. ఆనాటి ఆవిరి యంత్రములు దీని దరికి రాలేకపోయెను.

1900లో పారిసున జరిగిన మహాప్రదర్శనమునందు ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపిరి. అది ఎంత సాఫీగా నడచెననగా, దాని ఆహారము మారినదని గ్రహించినవారు కొలదిమందియే యని డీజిలే పిమ్మట వ్రాసెను. ఆఫ్రికాలోని తమ వలసదేశములందు విరివిగా పండు వేరుశనగను వినియోగింపవలెనని ఫ్రెంచి ప్రభుత్వము కోరుటయే దానికి కారణము.

మరి ఆ దారి ఏల మూతపడెను? నా అభిప్రాయమున కారణములు రెండు. భూగర్భ తైలము చౌకగా వరదవలె వచ్చిపడుట మొదటిది. ఆ పలుచని తైలమునకు సరిపడునట్లే పంపులను, నూనెను చిమ్ము నాజిళ్లను తయారుచేయుట రెండవది. నాటినుండి ఇంజనును తైలమును ఒకదానికొకటి అలవాటుపడినవి. కావున నేడు తైలమును మార్చువాడు, ఇంజను దేనికొరకు పుట్టినదో ముందుగా విచారింపవలెను.

మన దేశమున ఈ విచారము కొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ బావులకు ఆయిలింజను పంపులను ప్రచారము చేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, మన దేశపు గింజనూనెలతో డీజిలు ఇంజనులను నడిపిన పరిశోధనలు ప్రకటింపబడెను. అంతకుముందే 1937లో బెల్జియము దేశమున షావాన్ అను శాస్త్రజ్ఞుడు తాటిజాతి నూనెను సారాయితో కలిపి పలుచన చేయు పద్ధతికి పేటెంటు పొందెను; మరుసటి యేడు ఆ నూనెతో ఒక బస్సు బ్రస్సెల్సు, లూవెన్ నగరముల నడుమ నడచెను.

తెలుగునేలపై దీనికి చక్కని నిదర్శనము పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ. అచ్చటి గోండు స్త్రీలు సంఘముగా కూడి, కానుగ గింజలను పోగుచేసి నూనె తీయించిరి. డీజిలునకు బదులు కానుగ నూనె వాడుటవలన గాలిలో కలియకుండ పోవు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు వెలగా, ప్రపంచబ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించెను. మన తాతలు దీపమునకు, గజ్జికి వాడినది, పొలమునకు పచ్చిరొట్టగా తొక్కినది ఈ కానుగయే. ఆ నూనె తినుటకు పనికిరాదు కనుక, ఇంజనుకొరకు ఎవరి నోటి కూడును తీసినట్లు కాదు.

అయినను కానుగ నూనె డీజిలుకంటె సుమారు పదిరెట్లు చిక్కన. దానిని గానుగనుండి తెచ్చి అట్లే పోసినచో తుంపర సన్నగా రాదు. సగము కాలక నాజిలు మొనపై బొగ్గు పేరుకొనును. మిగిలినది జారి కందెననూనెలో కలిసి దానిని మడ్డిగా మార్చును. మొదటి దినములలో ఇంజను బాగుగనే నడచును, కీడు పిదప తెలియును. నెమ్మదిగా తిరుగు పాతకాలపు ఇంజను, జిగురు తీసి వడగట్టి వేడిచేసిన నూనెను కొంత ఓర్చుకొనును. సన్నని నాజిళ్లు గల నేటి ఇంజను ఓర్వదు. మిథనాలు, క్షారము చేర్చి గ్లిసరినును వేరుచేసిన పిమ్మట మిగులు బయోడీజిలు మాత్రము పలుచదనమున డీజిలునకు దగ్గరగును. అదియు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును కనుక తయారుచేసినవారు అనుమతించిన పాలు మించరాదు.

చిక్కదనమువలెనే పలుచదనమును చేటు తెచ్చును. డీజిలు పంపునకు తానే కందెనగా పనిచేయును; కిరసనాయిలు కలిపినచో ఆ జిడ్డు తగ్గి పంపు అరిగిపోవును. గంధకమును విచారింపవలసినదే. 2020 ఏప్రిలు మొదలు మన దేశమున బండ్లకు అమ్ము డీజిలులో అది పదిలక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదని నిర్ణయమైనది. ఎక్కువ గంధకము గల కొలిమినూనెను చౌకయని తెచ్చి పోసినచో పొగతోబాటు ఆమ్లమును పుట్టి లోహమును తినును.

కావున ఊరిలో ఇంజను పెట్టదలచినవారు మిమ్ము సలహా యడిగినపుడు, లీటరు ధర యెంత అని మాత్రమే విచారింపకుడు. ఆ ఇంజను ఏ తైలమునకు చేయబడినది, తెచ్చిన నూనె చిక్కదన మెంత, నీరును మడ్డియు వడగట్టిరా, పంపును నాజిలును ఎన్ని గంటలకొకసారి విప్పి చూడవలయును అనియు అడుగుడు. తైలపు ధర ఒక పద్దు, మరమ్మతు ఖర్చు వేరొక పద్దు. రెండింటిని కలిపి కూడిననే నిజమైన వెల తెలియును.