గెలిపించిన త్రికోణమే ఓడించింది

పాత ఫిల్ము కెమెరాల మీద మోజున్నవాళ్లు రేంజ్‌ఫైండర్ ప్రస్తావన వస్తే రెండు మాటలు తప్పక అంటారు: పెద్దగా చప్పుడు చెయ్యదు, చేతిలో ఇమిడిపోతుంది. రెండూ నిజమే. అయితే 1930ల నుంచి పత్రికా ఫొటోగ్రాఫర్ల మెడలో వేలాడిన ఆ కెమెరా 1960లు వచ్చేసరికి ఎందుకు పక్కకు తప్పుకుందో ఈ మాటలు చెప్పలేవు. ఓడిన నాడు కూడా అది చిన్నదే, చప్పుడు చెయ్యనిదే. దాని గెలుపుకూ ఓటమికీ కారణం వెతకాల్సింది లోపల దాగిన సన్నని త్రికోణంలో. అది దృశ్యాన్ని చూసి కాక, దూరాన్ని కొలిచి ఫోకస్ చేసే యంత్రం. ఆ కొలత ఎంతవరకు నమ్మదగినదో అంతవరకే దాని ఏలుబడి.

జర్మనీలోని వెట్స్‌లార్‌లో ఆస్కర్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో లైప్‌జిగ్ సంతలో జనం ముందుకు వచ్చినప్పుడు దానికి ఫోకస్ చూపే సాధనమే లేదు. దూరాన్ని కంటితో అంచనా వెయ్యాలి, లేదా విడిగా అమ్మే కొలత పరికరంతో చూసి ఆ అంకెను లెన్సు మీద పెట్టుకోవాలి. ఎఫ్/3.5 లెన్సుతో ఆ పద్ధతి నడిచింది. రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే ముందూ వెనకా కలిపి 30 సెంటీమీటర్ల పైచిలుకు లోతు స్పష్టంగా వస్తుంది కాబట్టి, అంచనా కాస్త తప్పినా బొమ్మ చెడదు. 1932లో జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ కోసం లుడ్విగ్ బెర్టెలె ఎఫ్/1.5 సోన్నార్ లెన్సును తయారుచేశాడు. దాంతో ఆ లోతు 15 సెంటీమీటర్లకు లోపే. ఇక ఉజ్జాయింపుతో పని జరగదు. లెన్సుకు జోడించిన రేంజ్‌ఫైండర్‌తో కాంటాక్స్, లైకా-2 రెండూ అదే ఏడాది వచ్చాయంటే ఆశ్చర్యం లేదు.

ఆ జోడింపు ఇలా ఉంటుంది. కెమెరా ముఖాన రెండు కిటికీలు. పెద్దదాంట్లోంచి దృశ్యం నేరుగా కంటికి చేరుతుంది; చిన్నదాంట్లోంచి వచ్చిన వెలుగు సగం పారదర్శకమైన అద్దం మీద పడి, దృశ్యం మధ్యలో చిన్న మచ్చలో రెండో బొమ్మగా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పితే దాని వెనక అంచు లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది. ఆ కదలికకు అద్దమో, పట్టకమో, చిన్న లెన్సో కదిలి రెండో బొమ్మను పక్కకు జరుపుతుంది. రెండు బొమ్మలూ ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టే. రెండు కిటికీలూ, ఎదుటి వస్తువూ కలిసి ఏర్పరిచేదే ఆ సన్నని త్రికోణం; కిటికీల మధ్య దూరం దాని భుజం. 1954 నాటి లైకా ఎం3లో ఆ దూరం 70 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. రెండు మీటర్ల దూరానికి త్రికోణం కోణం దాదాపు 2 డిగ్రీలు; 20 మీటర్లకు 0.2 డిగ్రీ. ఏ లెన్సు పెట్టినా ఈ కొలత మారదు. అందుకే వైడ్ లెన్సుతోనైనా, మసక వెలుతురులోనైనా అది తడబడదు. 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర గాంధీ మరణవార్త చెబుతున్న నెహ్రూను ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియె-బ్రెస్సాన్ లైకాతో తీసింది అలాంటి వెలుతురులోనే.

లెన్సుతో మారని ఆ కొలతే పొడుగు లెన్సుల దగ్గర గుదిబండ అయింది. 50 ఎం.ఎం. బదులు 200 ఎం.ఎం. లెన్సు పెడితే అదే దూరంలో, అదే అపర్చర్‌లో స్పష్టత లోతు దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. త్రికోణం భుజం మాత్రం అంగుళమైనా పెరగదు. ఆటలకూ అడవి జంతువులకూ ఈ కెమెరా పనికిరాలేదంటే అందుకే. ఈ సంగతి లైకా తయారీదారులకు తెలియకపోలేదు: పొడుగు లెన్సుల్లోంచి దృశ్యాన్ని నేరుగా చూసి ఫోకస్ చేసేందుకు 1930ల్లోనే విడిగా ఒక అద్దపు పెట్టె అమ్మారు.

అసలు కారణం ఇది కాదు, లెన్సులోంచి వచ్చే దృశ్యాన్నే అద్దంతో కంటికి చూపే ఎస్‌ఎల్‌ఆర్ అనే కొత్త సరుకు రావడమే అని ఒక వాదన ఉంది. కానీ 35 ఎం.ఎం. ఎస్‌ఎల్‌ఆర్ కొత్తదేమీ కాదు. డ్రెస్డెన్‌లో కీనె ఎక్సాక్టా 1936లోనే అమ్మకానికి వచ్చింది. పైనుంచి తొంగి చూడాలి, బొమ్మ కుడిఎడమలు తారుమారు, షట్టర్ నొక్కితే మళ్లీ సిద్ధం చేసేదాకా చీకటి. ఈ లోపాలు ఒక్కొక్కటిగా తీరడానికి రెండు దశాబ్దాలు పట్టింది. బొమ్మను సరిచేసి కంటి ఎదుటే చూపే పెంటాప్రిజాన్ని కాంటాక్స్ ఎస్ 1949లో తెచ్చింది. 1954లో అసాహీఫ్లెక్స్ 2బీలో అద్దం వెంటనే కిందికి దిగడం నేర్చింది. 1959లో నికాన్ తన రేంజ్‌ఫైండర్ ఎస్‌పీ ఒంట్లోనే అద్దపు గది చేర్చి నికాన్ ఎఫ్ చేసింది. పోటీదారు కుంటినడక నడిచినన్నాళ్లు త్రికోణం హద్దును లోకం సహించింది. తర్వాత సహించాల్సిన అవసరం పోయింది.

మరి లైకా ఎం కెమెరాలు ఇప్పటికీ తయారవుతున్నాయిగా, ఓటమి ఎక్కడ అనవచ్చు. ఫిల్ము పోయి సెన్సర్ వచ్చాక కూడా వాటి రేంజ్‌ఫైండర్‌కు జోడించే లెన్సుల వరస 135 ఎం.ఎం. దగ్గర ఆగుతుంది. ఆ హద్దు లోపల పనిచేసేవాళ్లు దాన్ని వదల్లేదు. హద్దు దాటాల్సినవాళ్లు అరవై ఏళ్ల కిందటే దాటి వెళ్లిపోయారు. సౌకర్యం, అభిరుచి, ధర కథలో ఉన్నాయి గాని, గీత గీసింది జ్యామితి.