పైబట్ట దొంగా, నీటి పన్నూ

గ్రీకు బైబిల్లో ప్రార్థనకు ఎక్కువగా కనిపించే మాట 'ప్రొసెయుఖే'. ఇందులోని 'ఎయుఖే' అచ్చంగా మన మొక్కు లాంటిదే. వేడుకోవడమూ అదే, ఫలానాది చేస్తానని దేవుడికి మాటివ్వడమూ అదే. కెంక్రేయ రేవులో పౌలు తల వెంట్రుకలు కత్తిరించుకున్నది ఆ మొక్కుబడి వల్లేనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ముందున్న 'ప్రొస్' అంటే 'వైపు'. మొక్కు ఎవరికన్నది అందులోనే తేలిపోతుంది.

ఇంతవరకు ఏ నిఘంటువైనా చెబుతుంది. నాకు ఆసక్తి ఆ తర్వాతి సంగతి మీద. ఈజిప్టు యూదులు ప్రార్థన జరిగే ఇంటిని కూడా ఇదే మాటతో పిలిచారు. అలెగ్జాండ్రియా దగ్గరి స్ఖెదియాలో టోలెమీ రాజు, బెరెనికే రాణి, వాళ్ల పిల్లల క్షేమం కోరి ప్రొసెయుఖేను అంకితం చేస్తున్నట్టు యూదులు రాయి చెక్కించారు. మూడో టోలెమీ ఏలుబడి అది, క్రీ.పూ. 246-221.

కోర్టు గుమాస్తాగా బతికినవాణ్ణి, శాసనాల కన్నా నాకు అర్జీలే రుచి. క్రీ.పూ. 218 నాటి పపైరస్ అర్జీ ఒకటుంది. ఫయ్యూం ప్రాంతపు పల్లెలో ఒకావిడ పైబట్టను దొరోథియోస్ అనే యూదుడు ఎత్తుకుపోయాడట. ఆవిడ గమనించి వెంటపడితే వాడు వెళ్లి ప్రొసెయుఖేలో దూరాడు. మధ్యలో కలగజేసుకున్న ఒక భూస్వామి ఆ బట్టను అక్కడి సంరక్షకుడు నికోమఖోస్ చేతికిచ్చి, తగువు తేలేదాకా ఉంచమన్నాడు. తీర్పు సంగతి అటుంచండి. దొంగ దాక్కోవడానికీ, దొంగసొత్తు భద్రపరచడానికీ ఊళ్లో అందరికీ తోచిన చోటు ఒక్కటే!

క్రీ.శ. 113లో అర్సినోయె పట్టణపు నీటి లెక్కల్లోనూ ఈ మాట ఉంది. థేబెస్ యూదుల ప్రొసెయుఖే నెలకు 128 ద్రఖ్మాలు కట్టేది. ఒక ప్రార్థనాలయానికి అన్ని నీళ్లెందుకు? శుద్ధి కోసమే అయివుంటుందని నేననుకుంటాను. ఫిలిప్పీలో కూడా పౌలు ప్రార్థనాస్థలం కోసం వెళ్లింది ఏటి ఒడ్డుకే. ఊదారంగు పొడి అమ్మే లూదియ అక్కడే కలిసింది.

ఆ నీటి లెక్క రాసిన రెండేళ్లకే, 115లో, యూదుల తిరుగుబాటు మొదలైంది. 117కల్లా రోమన్ సైన్యం దాన్ని అణచేసింది. ఈజిప్టు యూదుల బతుకు చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. తర్వాతి కాలంలో మందిరానికి 'సునగోగే' అన్న పేరే స్థిరపడింది. క్రైస్తవుల నోట 'ప్రొసెయుఖే' ప్రార్థనగా మిగిలింది.